బొటనవేలికి నాలుగు రోజుల సెలవు

ఆ సోమవారం తెల్లవారేసరికి శామీర్‌పేట మీద మబ్బు కమ్ముకొని ఉంది. చినుకు మాత్రం లేదు. వారం రోజులుగా అదే తంతు. మబ్బు చెరువు దాకా వస్తుంది, కాసేపు నిలబడుతుంది, కీసర వైపు వెళ్లిపోతుంది. బాలనర్సమ్మ ఒకసారి పైకి చూసి, గొడుగు అక్కర్లేదని తేల్చుకొని, ఆధార్ కార్డు కొంగున ముడివేసుకుంది. ఆమె అనుకున్న పని చిన్నది. ఆటోలో మేడ్చల్ పోవాలి, వేలిముద్ర వేయాలి, పదింటికల్లా తిరిగొచ్చి విల్లాల్లో బోళ్లు తోమాలి.

వేలిముద్ర ఎందుకంటే, సర్కారు కొత్త పద్ధతి పెట్టింది. స్థిరమైన సంపాదన లేని ఇళ్లకు ఊరికే ఇచ్చే సాయం తగ్గించి, ఇంటికొకరికి పనే చూపిస్తారట. కండ్లకోయలో ఒక కాలేజీ హాస్టల్ వంటశాలలో పని. జీతమెంతో బాలనర్సమ్మ అడగనే లేదు. ఆ పనితో ఈఎస్ఐ కార్డు వస్తుందన్న ఒక్క మాట చెవిన పడింది, అది చాలు.

ఆమె భర్త సిద్దయ్య జీడిమెట్లలో ఒక రసాయనాల కంపెనీలో పద్దెనిమిదేళ్లు డ్రమ్ములు కడిగాడు. ఒకనాడు డ్రమ్ము అడుగున మిగిలిన మందు చింది ఎడమ కన్ను పోయింది. ఏడాది తిరగకుండా ఆ కంపెనీయే మూతపడింది. ఇప్పుడు ఉన్న ఒక్క కంటికీ ఆపరేషన్ కావాలన్నారు. కార్డు ఉంటే అవుతుంది, లేకుంటే చుక్కల మందుతో నెట్టుకురావాలి. పని కోసం అతను మేడ్చల్ చౌరస్తాలో కూలీల అడ్డా మీద రెండేళ్లకు పైగా నిలబడ్డాడు. మేస్త్రీలు అందరినీ ఏరుకుంటూ వచ్చి, అతని ముఖం చూసి పక్కవాడిని పిలిచేవారు. ఆరు నెలలుగా అడ్డాకు కూడా పోవడం లేదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చొని పోయే లారీలను చూస్తూ గడుపుతున్నాడు. అందుకే పని అనగానే ఆ ఇంట్లో ఇద్దరికీ తోచింది ఒక్క పేరే.

మేడ్చల్ ఆఫీసు కౌంటర్‌లో నవ్యశ్రీ అనే అమ్మాయి కూర్చుంది. మిషన్ ముందుకు జరిపింది. బాలనర్సమ్మ వేలు పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"గట్టిగ ఒత్తమ్మా."

"ఒత్తుతున్న బిడ్డా. ఇంతకన్న ఒత్తితే మిషినే పలుగుతది."

పది వేళ్లూ అయ్యాయి. పదీ ఎరుపే. పదకొండోసారి మళ్లీ కుడి బొటనవేలు పెట్టించి, నవ్యశ్రీ ఆ వేలిని ట్యూబులైటు కిందికి తిప్పి చూసింది.

"గీతలే లేవేందమ్మా? నున్నగ గులకరాయి లెక్కున్నది. ఏం పని జేస్తవ్?"

"సిన్నప్పుడు ద్రాక్ష తోటల్ల జేసిన. తోటలు పోయి విల్లాలయినయి. ఇప్పుడు గా విల్లాల్లనే బోళ్లు తోముతున్న."

"అయితే నాలుగు దినాలు గీ వేలుకు సెలవియ్యి. నీళ్లు, సబ్బు, పీచు ఏది తగలొద్దు. కొబ్బరినూనె రాసి బట్ట సుట్టు. గీతలు జర తేలుతయి. శుక్రారం ఒంటిగంట దాక టైమున్నది. ఆ తర్వాత బంద్."

"అంటే, పని దొరకాల్నంటే పని బంద్ పెట్టాల్నా?"

"రూల్ నేను రాయలేదమ్మా. మిషిన్ గట్లడుగుతాంది."

ఇంటికి వచ్చి బాలనర్సమ్మ తెల్లబట్ట చింపి, నూనెలో ముంచి, వేలికి చుట్టుకుంది.

"ఏమయ్యా, ఇగ నాలుగు దినాలు నేను చెయ్యి తడుపొద్దు."

"మరి బోళ్లు?"

ఆమె ఎడమచేత్తో పీచు అతని ముందుకు నెట్టింది.

"నాకు రాదే."

"డ్రమ్ములు గడిగినోనికి చెంబు గడుగుడు రాదా? లెవ్వు. ఇంకో మాట, పని సంగతి బయట చెప్పకు. చేతికి రాకముందే చెప్తే దిష్టి తగుల్తది."

మరునాడు పొద్దున నల్లా దగ్గర సిద్దయ్య గొంతుక్కూర్చొని పీచుతో కుండ తోముతుంటే పక్కింటి శంకరమ్మ చూసింది. బిందె అక్కడే దించి నేరుగా ఇంట్లోకి వచ్చింది.

"వదినా, ఏమైందే చేతికి?"

"ఏం లేదు శంకరమ్మా. వేలుకు జర తగిలింది."

"ఏం తగిలింది?"

"ఏదో తగిలిందిలే."

శంకరమ్మ మంచి మనిషి. అయితే తనకు తెలియని సంగతిని ఖాళీగా వదిలేయడం ఆమె చేతకాదు. సిద్దయ్య బోళ్లు తోమడం పాతికేళ్లలో ఆమె చూసి ఎరగదు. చిన్న దెబ్బకు ఆ మనిషి పీచు పట్టడు. కాబట్టి దెబ్బ పెద్దది. నల్లా దగ్గర అది వేలు తెగడం అయింది. కిరాణా దుకాణం దగ్గర, మిక్సీలో తెగడం అయింది. మధ్యాహ్నానికి బాలనర్సమ్మ కుడి బొటనవేలు మొదలంటా పోయింది.

చూడటానికి వచ్చినవాళ్లు ఉత్తచేతులతో రాలేదు. ఒకరు కందిపప్పు తెచ్చారు, ఒకరు తట్టెడు టమాటాలు తెచ్చారు, నెలాఖరుకు తమ ఇంట్లోనే సరిపోని బియ్యంలోంచి ఒక ముసలామె రెండు సోలలు కొలిచి తెచ్చింది. బాలనర్సమ్మ ఆ బియ్యాన్ని వెనక్కి నెట్టబోయింది.

"నా వేలు బాగనే ఉన్నదవ్వా. నిజంగ ఉన్నది."

"సూడుండ్రి దీని ధైర్యం!" అని శంకరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మిగతావాళ్లూ ఒత్తుకున్నారు. ఆ తర్వాత కట్టు విప్పడం ఇంకా కష్టమైంది. పప్పు తెచ్చినవాళ్ల ముందు నిక్షేపంలాంటి వేలు ఎట్లా చూపాలో ఆమెకు తెలియలేదు.

వచ్చినవాళ్లకు చాయ్ పెట్టాలి. పొద్దుపోతే అన్నం పెట్టాలి. అన్నీ సిద్దయ్య మీద పడ్డాయి. మంగళవారం అన్నం మాడింది. ఆమె పక్కన కూర్చొని నోటితో చెబుతుంటే బుధవారం తినేటట్టు అయింది. గురువారానికి శంకరమ్మ ఇంటి నుంచి పెద్ద గంజు అడిగి తెచ్చి పద్నాలుగు మందికి వండాడు. ఒంటికన్నుతో నిప్పును చూసుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా గంటె తిప్పుతుంటే, కంపెనీ రోజుల్లో ఉండే నడుము వంపు మళ్లీ కనబడింది. అది బాలనర్సమ్మ ఒక్కతే గమనించింది.

బుధవారం మధ్యాహ్నం విల్లా నుంచి రక్షిత మేడం కారులో వచ్చింది. మనిషి తెల్లగా పాలిపోయి ఉంది.

"బాలనర్సమ్మా, నిజం చెప్పు. మా మిక్సీ కాదు కదా?"

"మీ మిక్సీ కాదు మేడం. ఎవల మిక్సీ గాదు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. "నీ పని ఇంకెవరికీ ఇవ్వను. ఎన్నాళ్లయినా గిన్నెలు నేనే కడుక్కుంటాను" అని యాపిల్ పండ్లు అరుగు మీద పెట్టి, సిద్దయ్య ఇచ్చిన చాయ్ తాగి, ఇంకో సగం గ్లాసు అడిగి పోసుకుంది.

గురువారం లక్ష్మణ్ వచ్చాడు. అతని తాత ద్రాక్ష పండించాడు, తండ్రి తోట అమ్మాడు, అతను ప్లాట్లు అమ్ముతున్నాడు. ఎన్నికల్లో నిలబడాలని ఉంది. వస్తూ శాలువా తెచ్చాడు, ఫోటో తీయడానికి మనిషిని తెచ్చాడు.

"అక్కా, కట్టు జర పైకెత్తు. ఇంకా. ఇగో, గట్ల."

కట్టుకట్టిన బొటనవేలు ఒక్కటే నిటారుగా లేచింది. ఫోటోలో ఆమె ఏదో పందెం గెలిచినట్టు కనబడింది.

"పటేలా, నా వేలు—"

"నువ్వేం మాట్లాడకక్కా. నీకు పింఛన్ ఇప్పిచ్చే జిమ్మేదారి నాది."

పొద్దుగూకేలోపు ఆ ఫోటో శామీర్‌పేటలో ప్రతి ఫోన్‌లో ఉంది. దాని కింద ఆరు వందల మంది దండం పెట్టారు.

శుక్రవారం పొద్దున బాలనర్సమ్మ పెందలాడే తయారైంది. గడపలో కాలు పెట్టేసరికి సందుకు అడ్డంగా లక్ష్మణ్ కారు వచ్చి ఆగింది. వెనక వాడకట్టు వాడకట్టంతా వచ్చింది.

"యాడికి పోతున్నవక్కా? ఆఫీసునే నీ ఇంటికి తెచ్చిన!"

కారులోంచి మిషన్ సంచి పట్టుకొని నవ్యశ్రీ దిగింది. మేడ్చల్ కౌంటర్‌కు ఆ పూట తాళం పడింది. తాను ఎక్కడికి పోవాలని బయలుదేరిందో అదే తన అరుగు మీద కూర్చోవడం చూసి బాలనర్సమ్మ గడపలోనే ఆగిపోయింది. తలమీది కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

జనం మధ్య ఎవరి ముఖమూ చూడకుండా నవ్యశ్రీ జల్దీ జల్దీ పింఛన్ ఫారం నింపింది. పేరు. ఊరు. కుడి బొటనవేలు: లేదు.

"అయిపోయిందమ్మా. ఇగ బొటనవేలు పెట్టు."

లక్ష్మణ్ గొంతు సవరించుకున్నాడు.

"లేని వేలు ఎట్ల పెడ్తదమ్మా?"

"వేలు లేదని రుజువుకు వేలు పెట్టాలె సార్. ఫారంల గట్లనే ఉన్నది." అంటూ ఆమె తలెత్తి చూసింది. "అరే, నువ్వా! సోమవారం వేలున్నది గదమ్మా నీకు? పదకొండు సార్లు పట్టుకొని సూసిన!" తర్వాత గొంతు తగ్గించింది. "ఇప్పుడు గీ ఫారం పంపిస్తె నీకు వేలు లేనట్టే. పింఛన్ ఏమో గానీ, ఆ హాస్టల్ పని రాదు. పంపాల్నా, వద్దా?"

కూర్చున్నచోటికి పింఛన్ ఇప్పిస్తానని ఒకరు నిలబడి ఉన్నారు. బాలనర్సమ్మ ఒకసారి లోపల పొయ్యి దగ్గరున్న సిద్దయ్య వైపు చూసింది. ఎడమచేత్తో కట్టు విప్పింది. నూనెకు మెరుస్తూ బొటనవేలు బయటపడింది.

"మల్ల మొలిచిందా ఏందే?" అంది శంకరమ్మ.

"పోతేగా మొలుసుడు! నాకు పింఛన్ వద్దు పటేలా. పని గావాలె. కార్డొస్తె ఆయన కన్ను నిలబడ్తది. దిష్టి తగుల్తదని దాసిన. మీరంత పప్పు తెచ్చిండ్రు, బియ్యం తెచ్చిండ్రు. మాఫ్ చెయ్యుండ్రి."

"ఓసి పిచ్చిదానా," అని శంకరమ్మ ఆమె చెయ్యి పట్టుకొని వేలిని తడిమి చూసుకుంది. "పోయిందనుకున్న వేలు దొరికితె, ఎవలన్న పప్పు వాపస్ అడుగుతరానే?"

లక్ష్మణ్ పరేషాన్ అయ్యాడు. "ఆరు వందల మంది దండం పెట్టిండ్రక్కా. ఇంకో నెల రోజులు కట్టు ఉంచుకోరాదూ?" అని మెల్లగా అడిగాడు. ఆ తర్వాత తనలో తానే ఆలోచించుకొని, లక్ష్మణ్ చొరవతో బొటనవేలు దక్కిందని ఫోన్‌లో రాసుకున్నాడు.

నవ్యశ్రీ పింఛన్ ఫారం తీసేసి పని ఫారం తెరిచింది. పన్నెండున్నర దాటింది. బాలనర్సమ్మ కళ్లు మూసుకొని వేలు పెట్టింది. ఎరుపు. తుడిచి పెట్టింది. ఎరుపు. మిగతా తొమ్మిదీ అయ్యాయి. ముప్పై ఏళ్ల పనికి నాలుగు రోజుల సెలవు సరిపోలేదు.

ఆమె అక్కడే కూలబడింది. ఇంతమందీ ఒక్కసారిగా నేల చూపులు చూశారు.

"ఇంటికొకరమ్మా. నీ పేరే ఉండాల్నని ఏం లేదు," అంది నవ్యశ్రీ. "ఇంట్ల ఇంకెవలన్న ఉన్నరా?"

"ఎవలు లేరు బిడ్డా," అంది బాలనర్సమ్మ, మూడేళ్ల అలవాటుతో.

సరిగ్గా అప్పుడు సిద్దయ్య గంటె పట్టుకొని గడపలోకి వచ్చాడు. "అన్నం దించిన. ఎంతమంది తింటరు?"

అందరూ అతని వైపు తిరిగారు. అతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని.

"పెద్దయ్యా, ఇటు రా. వంట వస్తదా?"

"నాలుగు దినాల సంది జేస్తున్న."

"వాడకట్టంత తిన్నం," అంది శంకరమ్మ. "ఎవ్వలం సావలే."

"నన్నెవలు తీస్కుంటరు బిడ్డా? నా కన్ను..."

"ఫారంల వేలు అడిగిండ్రు, కన్ను అడగలే. చెయ్యి తుడుసుకొని రా, టైమైతాంది."

అతను తువ్వాలతో చెయ్యి తుడుచుకొని, మిషన్ ఎక్కడ పగులుతుందోనన్నట్టు మెల్లగా వేలు ఆనించాడు. మూడేళ్లుగా ఎవరూ పనికి పిలవని వేలు అది. నాలుగు రోజుల పీచు దాన్నింకా అరగదీయలేదు. మొదటిసారికే పచ్చలైటు వెలిగింది.

"మల్ల పెట్టాల్నా?"

"అక్కర్లేదు పెద్దయ్యా. అయిపోయింది. సోమవారం పొద్దుగాల ఆరింటికి కండ్లకోయ రావాలె."

"కార్డు?" అంది బాలనర్సమ్మ.

"వస్తది. నీ పేరు గూడ అండ్లనే ఉంటది."

సిద్దయ్య లోపలికి పోయాడు. చాలాసేపు డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు, పెడుతున్న చప్పుడు వినబడింది. బాలనర్సమ్మ లోపలికి పోలేదు. మిషన్ సర్దుకుంటున్న నవ్యశ్రీ చెయ్యి పట్టుకొని, "తిని పో బిడ్డా" అంది.

అరుగు పొడుగునా అందరూ వరసగా కూర్చున్నారు. లక్ష్మణ్ కూడా తెల్లబట్టలతోనే చాప లేని చోట మఠం వేసుకున్నాడు. సిద్దయ్య వంగి ఒక్కొక్కరికే అన్నం, పప్పు వడ్డించాడు. చివరికి భార్య పక్కన తానూ కూర్చున్నాడు.

పప్పులో ఉప్పు రెండుసార్లు పడిందని మొదటి ముద్దకే అందరికీ తెలిసింది. అందరూ రెండోసారి పప్పు అడిగి పోయించుకున్నారు.