ఎర్రచుక్క బ్లేడు

మేస్త్రీ ఒట్టి అనుమానపు మనిషి. పొద్దున్నే అద్దంలో తన మొహం చూసుకుని కూడా, వీడెవడా అని ఓ క్షణం ఆగే రకం. ఆ రోజు మాత్రం ఆయన తలలో ఒకే ఒక్క పని ఉంది. ఊగే కుర్చీకి అడుగున రెండు వంపు చెక్కలు కోయించి, మధ్యాహ్నానికల్లా కుర్చీ బిగించెయ్యాలి. కోయించడమే, కోయడం కాదు. చూపు మందగించాక పెన్సిలు గీత ఆయనకు ఆనడం లేదు. గీత మీద వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్క కోసేది బావమరిది. పన్నెండేళ్లుగా ఆ వర్క్‌షాపు నడుస్తున్నది అతని చేతి మీదే. సంగతి మేస్త్రీకి తెలుసు కానీ పైకి అనడు. అంటే నెత్తికెక్కుతాడని భయం.

చెక్క కోసే బ్యాండ్‌సా మిషను బ్లేడ్లు మాత్రం మేస్త్రీ సొంత రాజ్యం. బ్లేడంటే మనిషి కంటే పొడవైన ఉక్కు పట్టీ. రెండు కొసలూ అతికి పెద్ద చక్రంలా ఉంటుంది, ఒక అంచునంతా పళ్లు. వాడనప్పుడు దాన్ని మూడు చుట్లుగా మడిచి, తాడుతో కట్టి, మేకుకు తగిలించాలి. కట్టు తప్పిందా, చటుక్కున విచ్చుకుని ఎదురుగా ఉన్నవాళ్ల మొహం గీరేస్తుంది. అందుకని గోడకు ఒక కాగితం అంటించాడు: "కళ్లద్దాలు, తోలు చేతొడుగులు లేకుండా బ్లేడ్లు ముట్టరాదు. నేను తప్ప ఎవరూ అసలే ముట్టరాదు."

ఆ పొద్దున కొత్త బ్లేడు మేస్త్రీయే విప్పి మిషనుకు ఎక్కించాడు. బావమరిది చెక్కను ముందుకు తోశాడు. చెక్క తెగలేదు సరికదా, ఎగిరెగిరి పడింది. కమురు వాసన వచ్చి, పొగ లేచింది.

"బావా, బ్లేడులో ఏదో తేడా ఉంది. ఒక్కసారి చూడనీ."

"చెయ్యి తియ్! కాగితం చదవలేదా?"

మేస్త్రీ మిషను ఆపి బ్లేడు ఊడదీశాడు. మొన్న అది షాపుకు రాగానే విప్పి, ఎవరైనా మార్చేస్తారేమోనని, బయటివైపు కందిగింజంత ఎర్రచుక్క పెట్టుకుని, మళ్లీ మడిచాడాయన. భార్య గోళ్ల రంగు సీసా ఆమెకు చెప్పకుండా తెచ్చి మరీ పెట్టాడు. ఇప్పుడు బ్లేడు బయటివైపంతా కళ్లకు ఆనించుకుని చూశాడు. చుక్క లేదు. బ్లేడును అలాగే తలుపు పక్కన పెద్ద మేకుకు వేలాడదీసి, బావమరిది వైపు తిరిగాడు.

"నిన్న సాయంత్రం సంచి భుజానేసుకుని పోయావ్. ఏముంది అందులో?"

"రంపం పొట్టు. ఇంట్లో పిల్లి పడుకోడానికి."

"పొట్టుకి అంత బరువా? వంగిపోయి నడిచావ్."

"తడిసింది బావా."

"ఎలా తడిసింది?"

"పైకప్పు కారుతోందిగా. ఆ మాట చెబితే, కన్నం నేనే పెట్టానన్నావు."

మేస్త్రీకి ఇంకేం సాక్ష్యం కావాలి? అయినా ఒక మాట అడిగి చూద్దామని భార్యకు ఫోను చేశాడు. "ఏమే, మీ తమ్ముడింట్లో ఈమధ్య కొత్త వస్తువులేమైనా చూశావా?"

"ఉన్నట్టుండి మీకెందుకొచ్చింది ఆ మాట? మీరేం కొన్నారు? ఎవరికి కొన్నారు? ఉండండి, నేనే వస్తున్నా" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

బావమరిది ఎర్రచుక్క బ్లేడును పాతవాటిలో కలిపి దాచాడేమోనని మేస్త్రీకి మరో ఆలోచన వచ్చింది. ఒక్కొక్కటీ దించి చూసే ఓపిక ఎక్కడిది? మేకులకున్న ఐదు బ్లేడ్ల తాళ్లూ వరసగా కత్తిరించేశాడు, వట్టి చేతులతో. మొదటిది టప్పున విచ్చుకుంది. దాన్ని తప్పించుకోబోయి రెండోదానికి మోచెయ్యి తగిలించాడు. అది మూడోదాన్ని లాగింది. కళ్లు మూసి తెరిచేలోగా మేస్త్రీ మూల గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. గడ్డం కింద ఒక బ్లేడు, మోకాళ్ల ముందు రెండు, చెరో పక్కన ఒకటి.

"కదలకు బావా!" అంటూ బావమరిది బల్ల మీది చేతొడుగులు అందుకున్నాడు.

"దగ్గరికి రాకు! సాక్ష్యం చెడగొడదామనా?"

బావమరిది ఆగిపోయాడు. చేతొడుగులు కింద పెట్టి, నడుముకున్న ఏప్రాన్ విప్పి మడిచాడు. "పన్నెండేళ్లు బావా. నీకు చూపు ఆనడం లేదని ఒక్కరికైనా చెప్పానా? నీ వంకర గీతలన్నీ నేనే దిద్దుకుని కోశాను. దొంగ అనిపించుకుని మాత్రం ఉండలేను."

గడ్డం కిందున్న పళ్లకంటే ఆ మడిచిన ఏప్రాన్ ఎక్కువ భయపెట్టింది మేస్త్రీని. బావమరిది గడప దాకా వెళ్లాడు. అప్పుడే భార్య లోపలికొచ్చింది.

"ఏం కొన్నారో చూపించండి ముందు..." అంటూ తలుపు పక్కకు చూసి ఆగిపోయింది. "ఇది నా గోళ్ల రంగు కదూ! సీసా పోయిందని రెండ్రోజులుగా పక్కింటావిడతో మాటలు మానేశాను!"

"ఎక్కడ?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఇదిగో, ఈ పట్టీకి లోపలివైపు."

బావమరిది వెనక్కొచ్చి, వంగి చూశాడు. "చుక్క లోపల పెట్టావా బావా, బయటా?"

"బయటే."

"అయితే బ్లేడెవరూ మార్చలేదు. చొక్కా తిరగేసినట్టు మొత్తం తిరగబడింది, అంతే. కిందికి చూడాల్సిన పళ్లు పైకి చూస్తున్నాయి. ఇక చెక్కేం తెగుతుంది?"

"మరి దీన్ని మడిచిందెవరు, విప్పిందెవరు?" అంది భార్య.

గోడ మీది కాగితం అందరికీ కనిపిస్తూనే ఉంది.

బావమరిది కళ్లద్దాలు పెట్టుకున్నాడు, చేతొడుగులు తొడుక్కున్నాడు. ఒక్కో బ్లేడునూ జాగ్రత్తగా పక్కకు లాగి, అడుగు అంచును కాలితో అదిమి, చేతులు తిప్పి మూడు చుట్లుగా పడేసి, తాడు కట్టాడు. ఐదోదీ అయ్యాక పక్కకు తొలిగి నిలబడ్డాడు. "ఇక బయటికి రా. నేను పోతా."

మేస్త్రీ బయటికొచ్చాడు. "తప్పు నాదేరా" అన్నాడు చివరికి. "వెళ్లకు. నువ్వు లేకపోతే ఈ షాపు లేదు."

బావమరిది ఆయన మొహంలోకి అనుమానంగా చూశాడు. తర్వాత చెవి మీది పెన్సిలు తీసి ఆయన చేతిలో పెట్టి, అదే మాట రాసి సంతకం పెట్టమన్నాడు.