జయరావు డ్రై సంపు

ఆ శనివారం పొద్దున్న జయరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నానికి ట్యాంకు వస్తుంది. దాన్ని కారుకి బిగించి, ఆయిలు పోసి, పొద్దు వాలేలోగా స్టార్టు చేసి, భార్య రెబ్కాను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని చర్చిలో కోత పండుగకు దర్జాగా వెళ్ళాలి. అంతే.

నల్లపాడు దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కాటా గుమాస్తా జయరావు. అంతకు రెండేళ్ళ ముందు, అంటే రెండు వేల సంవత్సరంలో, ఒక పాత ఫియట్ కొన్నాడు. దాన్ని రేసు కారు చేద్దామని స్ప్రింగులు కోయించి నేలకు దించాడు. దిగడం బాగానే దిగింది. దాంతోపాటు ఇంజను కింద ఆయిలు నిలిచే చాంబరూ దిగింది. స్పీడు బ్రేకరు ఎదురైతే చాలు, చాంబరు గీరుకుని పగలడం, ఆయిలంతా రోడ్డు పాలు కావడం మామూలైపోయింది. బుద్ధిమంతుడైతే స్ప్రింగులు మార్పించేవాడు. జయరావు ఇంగ్లీషు పత్రిక కొన్నాడు.

అందులో మందు దొరికింది. ఆయిలును ఇంజను కింద నిలవనివ్వకుండా పంపుతో ఎప్పటికప్పుడు లాగేసి, పక్కన వేరే ట్యాంకులో ఉంచి, అక్కడి నుంచి మళ్ళీ ఇంజనుకు పంపాలి. అప్పుడు కింద చాంబరు అంత లోతు అక్కర్లేదు. ఈ ఏర్పాటును డ్రై సంప్ అంటారు. పంపు బిగించడం అప్పటికే అయిపోయింది. ట్యాంకు కోసం జయరావు కొత్త స్టీలు పాల క్యాను ఒకటి కొని, వెల్డింగు షాపు రంజాన్‌కు ఇచ్చాడు. ఆయిలులో నురగ విరగడానికి లోపల చిల్లుల రేకులు, పక్కన మూతలున్న రెండు గొట్టాలు పెట్టమన్నాడు. గుంటూరు మెకానిక్కులంతా చాంబరనే అంటారు, రంజాన్ కూడా అదే అనేవాడు. జయరావు మాత్రం పత్రిక చదివిన రోజు నుంచి సంపు అని తప్ప అనలేదు, రంజాన్‌నూ అననివ్వలేదు. చాంబరు అని ఉంటే ఈ కథే లేదు.

ఎందుకంటే ఆ ప్రాంతంలో సంపు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఇంటి ముందు నేలలో ఉండే నీళ్ళ తొట్టి. జయరావు అద్దెకున్న లోగిలిలోనూ ఒకటుంది. మూడు వాటాల వాళ్ళకూ అదే దిక్కు. దాని మూత మీదే, లేవలేని గేదెలా, ఈ కారు దాదాపు రెండేళ్ళుగా పడుకుని ఉంది.

బడిపంతులమ్మ రెబ్కా సహనశీలే. అయితే సహనానికీ తరగతి గంట ఒకటి ఉంటుంది. ఆ వారం మొదట్లోనే మొగుడికి తేల్చి చెప్పేసింది. "కోత పండుగకు నన్ను ఆ కారులో తీసుకెళ్ళండి. లేకపోతే సోమవారం దాన్ని పాత ఇనుముకి ఇచ్చెయ్యండి. రెండిట్లో ఏదైనా నాకు సంతోషమే." ఆ మాట విన్నప్పటి నుంచి జయరావుకు నిద్ర లేదు. ఇన్నాళ్ళ బతుకులో తన చేతులతో తాను చేసుకున్న వస్తువు అదొక్కటే.

పొద్దున్నే ఇంటి ఓనరు వెంకటేశ్వరమ్మగారి హాల్లోకి వెళ్ళి రంజాన్‌కు ఫోను చేశాడు. ఆవిడ పక్కనే కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది.

"రంజానూ, మనది డ్రై సంపు, గుర్తుంది కదా. మధ్యాహ్నంలోపు ట్యాంకు మా ఇంటికి రావాలి. ట్యాంకు రాలేదంటే రెబ్కా నన్ను ఇంట్లో ఉండనివ్వదు."

ఫోను పెట్టేసి అతను ఆయిలు కొనడానికి గుంటూరు వెళ్ళిపోయాడు. వెంకటేశ్వరమ్మ చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. సంపు డ్రై అయింది. ట్యాంకు తెప్పిస్తున్నాడు. నీళ్ళు లేక పాపం ఆ రెబ్కా మొగుణ్ణి ఇంట్లోంచి గెంటేసేదాకా వచ్చింది. ఇంత జరుగుతుంటే ఇంటి ఓనరుకు చెప్పాలని కూడా తోచలేదు ఈ మనిషికి.

ఆవిడ ముందుగా మోటారు వేసింది. ఎండిన సంపులో అడుగున ఉన్న నాలుగు బిందెలైనా దక్కించుకోవాలి కదా. నీళ్ళు ధారగా వచ్చాయి. అడుగు నీళ్ళే ఇంత జోరుగా పోతుంటే ఇక ఎంతసేపు నిలుస్తాయని ఆవిడ మరింత కంగారుపడి, వెనక వాటా లాల్‌బీని కేకేసింది. లాల్‌బీ తన వాటాలో బిందెలు, బకెట్లు, పిండివంటల గుండిగలు అన్నీ బయటపెట్టింది. పక్క లోగిలి వాళ్ళు, మీకు లేకపోతే మాకూ ఉండవని, కడవలు పట్టుకుని వచ్చేశారు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన రెబ్కాకు విషయం తెలియగానే ఆమె కూడా కొంగు బిగించింది. మీ ఆయనే ఫోనులో చెప్పాడని వెంకటేశ్వరమ్మే అంటే ఇక అనుమానం ఏముంటుంది?

రంజాన్ అప్పటికే వచ్చి, నీళ్ళ హడావుడిలో ఎవరూ పలకకపోవడంతో ట్యాంకును గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. రెబ్కా దాన్ని చూసింది. తళతళలాడే కొత్త స్టీలు క్యాను, లోపల చిల్లుల రేకులు, పక్కన గొట్టాలు. మొగుడికి ఇన్నాళ్ళకు ఇంటి మీద ధ్యాస కలిగి నీళ్ళ ఫిల్టరు చేయించాడనుకుంది. ఆమెకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. క్యానును అంచుదాకా నింపి, పైన పళ్ళెం మూసింది.

జయరావు ఆయిలు డబ్బాలతో తిరిగొచ్చేసరికి అతని డ్రై సంపు ట్యాంకు దగ్గర లాల్‌బీ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఫిల్టరు నీళ్ళు తియ్యగా ఉన్నాయని మెచ్చుకున్నారు. అతను గోడకు చేరబడి, ఇది కారు సంపని, ఇంటి సంపు నిన్ననే కుళాయి వచ్చి నిండిందని, అందులో కొరతే లేదని వరసగా చెప్పుకొచ్చాడు.

వెంకటేశ్వరమ్మ అంతా శ్రద్ధగా విన్నది. "అలాగే నాయనా. అయితే మోటారు వేస్తే గాలెందుకొస్తోంది?"

వెళ్ళి చూస్తే నిజమే. పొద్దున నిండుగా ఉన్న సంపు, ఎండిపోయిందన్న మాట పుణ్యమా అని మిట్టమధ్యాహ్నానికి నిజంగానే ఎండిపోయింది. ఇప్పుడు జయరావు మాటకు విలువేముంది? ఆవిడ కౌన్సిలరుకు చెప్పడం, ఆయన ట్యాంకరు పంపడం కూడా జరిగిపోయాయి.

ట్యాంకరు లాగే ట్రాక్టరు డ్రైవరు ఆదాం. జయరావు వాళ్ళ చర్చి సంఘం వాడే. సంపు మూత ఏదని అడిగితే అందరూ కారు వైపు చూపించారు. ఇక చెప్పేదేముంది, ఆడా మగా కలిసి రెండేళ్ళుగా కదలని కారును గేటు దాటించి సందులోకి నెట్టారు. సంపు నిండింది. కారును మళ్ళీ లోపలికి నెట్టబోతే వెంకటేశ్వరమ్మ గేటుకు అడ్డంగా నిలబడి, తన ప్రాణం ఉండగా ఆ మూత మీద ఆ బండి పెట్టనివ్వనంది.

అప్పటికి పొద్దు వాలుతోంది. ట్యాంకులో తడి ఆరలేదు, ఆయిలు డబ్బాలు విప్పనే లేదు. సందుకు అడ్డంగా కారు ఉండటంతో ఆటో కూడా లోపలికి రావడం లేదు. రెబ్కా కొత్త చీర కట్టుకుని, కోత పండుగ కానుకలైన గుమ్మడికాయ, కోడి, బుట్టెడు మిరపకాయలతో వీధిలో నిలబడింది. ఆదాం కారుకు తాడు కట్టి, ఎక్కడికి లాగమంటారని అడిగాడు.

"ఇంకెక్కడికి? చర్చికే పద. తీసుకెళ్తానన్నారుగా ఈయన," అని రెబ్కా కానుకలు కారులో పెట్టి, నడుం పట్టుకుంటూ వంగి కూర్చుంది.

అలా ముందు ట్రాక్టరు, నడుమ ఖాళీ ట్యాంకరు, వెనక రేసు కారు చర్చి ఆవరణలోకి వచ్చాయి. కోత పండుగకు పంట పండించిన వాళ్ళు పంట, పెంచిన వాళ్ళు కోడి, మేక తెచ్చి దేవునికి ఇస్తారు. కుర్రకారు ఒక్కొక్క దాని మీదా సుద్దతో నంబరు వేస్తారు. ప్రార్థన అయ్యాక వేలం. జయరావు కుళాయి దగ్గర చేతుల జిడ్డు కడుక్కుంటున్నాడు. ఈలోగా కుర్రాళ్ళు గుమ్మడికాయకు, కోడికి, మిరపకాయలకు నంబర్లు వేసి, వాటితో వచ్చిన కారు బానెట్టు మీద కూడా పెద్దగా ఒక నంబరు వేశారు.

పాస్టరు అయ్యగారు మైకు ముందుకు వచ్చారు. "పంట ఇచ్చినవాళ్ళున్నారు, ప్రాణం ఇచ్చినవాళ్ళు తక్కువ. మన జయరావుగారు ఇవాళ ప్రాణంతో సమానమైనది తెచ్చి దేవుని పాదాల దగ్గర పెట్టారు."

సంఘమంతా చప్పట్లు కొట్టింది. చప్పట్ల మధ్య లేచి, ఇవ్వలేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? జయరావు మింగలేక కక్కలేక కూర్చున్నాడు. తానిచ్చిన కానుకను తానే పాడుకోవడం అక్కడ మర్యాద కాదు. గుమ్మడికాయ పోయింది, కోడి పోయింది. కారు వంతు వచ్చేసరికి పాత ఇనుము వ్యాపారం చేసే సంఘ పెద్ద ఒక్కడే లేచాడు. పాట పాడి, రేపు ఆదివారం కదా, ఎల్లుండి పొద్దున్నే గ్యాసు పెట్టి కోయిస్తానని పక్కవాళ్ళతో అన్నాడు. ఆ మాట జయరావు విన్నాడు. ఏడవకూడదని పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి రెబ్కా అతన్నే చూస్తోంది. రెండేళ్ళుగా ఆ కారును తిట్టింది, ఇనుముకు ఇమ్మన్నదీ తనే. కానీ ఆ ముఖం చూశాక ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు.

"నా పాట," అని లేచింది.

పెద్దాయన పెంచాడు. రెబ్కా పెంచింది. ఆయన మళ్ళీ పెంచి, ఇదంతా నీకెందుకమ్మా అన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు ఆయన కొంప ముంచింది. రెబ్కా అన్న తర్వాతి మాటకు అయ్యగారే మైకు వదిలేసి తిరిగి చూశారు. పెద్దాయన కూర్చున్నాడు.

బయటకు వచ్చాక జయరావు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. చివరికి, "నా కారు నిలబెట్టావు రెబ్కా," అన్నాడు.

"మీ కారేంటి? మీరు దేవుడికిచ్చారు, నేను దేవుడి దగ్గర కొనుక్కున్నాను," అంది రెబ్కా బానెట్టు మీది సుద్ద నంబరును కొంగుతో తుడుస్తూ. "ముందు ఆ స్ప్రింగులు మార్పించండి. నేల మీద కూర్చున్నట్టుంది, నడుం పోయింది నాకు."

స్ప్రింగులు మారిస్తే కారు పైకి లేస్తుంది. కారు లేస్తే చాంబరు తగలదు. చాంబరు తగలకపోతే డ్రై సంపుతో పని లేదు. ఇదంతా జయరావు ఆమెకు వివరించబోయి, యజమానితో వాదించడం బాగుండదని మానుకున్నాడు.

సోమవారం రంజాన్ కారు కింద పడుకుని స్ప్రింగులు బిగిస్తుంటే, యజమానురాలు కుర్చీ వేసుకుని చూస్తోంది, జయరావు పానాలు అందిస్తున్నాడు.