ఇనుపటోపీ కాచిన జావ

పిల్లలు బొమ్మల పుస్తకాలు చదివి చెడిపోతున్నారని దిగులుపడే తల్లిదండ్రులకు ఒక మనవి. దయచేసి అడ్డుపడకండి, చెడిపోనివ్వండి! లెక్కలు రాకపోతే ఏమవుతుంది? క్యాలిక్యులేటర్ ఉంది. చరిత్ర రాకపోతే? అది ఎలాగూ జరిగిపోయింది. కానీ ఐదారేళ్ల వయసులో ఏదో ఒక వీరుడి మీద పిచ్చి పట్టకపోతే, నలభై దాటాక ఆ పిల్లవాడు దేని గురించి రాసుకుని బతకాలి?

నవ్వకండి. ఒక పెద్దమనిషి నిజంగానే అలా బతుకుతున్నాడు. ఒక దినపత్రిక ఆదివారం సంచికలో ఆరేళ్లుగా వారం వారం ఆయనకొక పేజీ ఉంది. శీర్షిక పేరు ‘ఇనుపటోపీ నేర్పిన పాఠం’. ఆఫీసులో ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. అందరూ ‘టోపీ సార్’ అనే అంటారు. గౌరవంగానే సుమా!

ఇనుపటోపీ ఎవరో తెలియనివాళ్లు ఉంటారు. ఒకప్పుడు నెలనెలా వచ్చి ఆగిపోయిన బొమ్మల పుస్తకంలో హీరో. ఒంటికి చారల బనియను, కాళ్లకు బూట్లు, నెత్తిన ఇనుప టోపీ. దొంగలు ఆ టోపీ మీద కర్రలు విరగ్గొట్టుకునేవారు. తర్వాత అతను వాళ్లను పట్టుకునేవాడు. కథ అంతే. ఇంతకంటే ఏం కావాలి?

చిన్నప్పుడు టోపీ సార్ ఆ పుస్తకం చేతిలో ఉంటే పిలిచినా పలికేవాడు కాదు. వాళ్ల నాన్న గడియారాల మెకానిక్. కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే, “ఒరేయ్, ఈ టోపీవాడు రేపు నీకు అన్నం పెడతాడట్రా?” అని అడిగేవాడు. కుర్రాడికి కూడబలుక్కుని చదవడం వస్తున్న రోజుల్లో ఆ పుస్తకాలన్నీ కట్టగట్టి పాత కాగితాల కొట్లో పడేసి వచ్చాడు కూడా. కుర్రాడు రెండు రోజులు ఆ కొట్టు చుట్టూ తిరిగాడు.

గడియారాలు బాగుచేసేవాళ్లకు కాలం సంగతి తెలియదనడానికి వేరే సాక్ష్యం కావాలా? టోపీవాడు శుభ్రంగా అన్నం పెట్టాడు! మొదట ఒక వెబ్‌సైట్‌లో, తర్వాత పత్రికలో, ఆ తర్వాత మైకు ముందు. ‘మీ చిన్ననాటి ఇష్టాన్ని కెరీర్‌గా మలచుకోవడం ఎలా?’ అని కాలేజీలవాళ్లు పిలిచి మరీ మాట్లాడించుకునేవారు. టోపీ సార్ చెప్పే సూత్రం ఒక్కటే. “ప్రేమించినదాని గురించి రాయండి. రీసెర్చి అక్కర్లేదు.”

దాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు. ఆరేళ్లలో ఒక్క పాత సంచిక కూడా తెరిచి చూడలేదు. చూస్తే జ్ఞాపకం పాడవుతుందట! ఈ పద్ధతి డాక్టర్లు, ఇంజనీర్లు కూడా మొదలుపెడితే దేశానికి ఎంత సమయం కలిసొస్తుంది?

ఆయన రాసినవాటిలో పాఠకులు కళ్లకద్దుకున్నది జావ కథ. దొంగను తరుముకుంటూ ఇనుపటోపీ వాడి ఇంట్లోకి దూకుతాడు. అక్కడ దొంగ కూతురు జ్వరంతో మూలుగుతూ ఉంటుంది. ఇంట్లో గిన్నె లేదు. ఇనుపటోపీ తన టోపీ తీసి, పొయ్యి మీద పెట్టి, అందులో జావ కాచి ఆ పిల్ల చేత తాగిస్తాడు. దొంగ తనంతట తానే చేతులు ముందుకు చాపుతాడు. ఆ వారం వచ్చినన్ని ఉత్తరాలు ఆ పత్రికకు ఎన్నికల వారంలో కూడా రాలేదు. ఒక టీచరమ్మ దాన్ని క్లాసులో చదివి తానే ఏడ్చేసిందట.

సహజంగానే పుస్తకం వేద్దామన్నారు. ఆదివారం సంచిక ఎడిటర్ మేడమ్ పద్ధతి గల మనిషి. ఏ కథ ఏ సంచికలో వచ్చిందో కింద నంబరు వేయాలంది. ఆ బొమ్మల పుస్తకానికి ప్రూఫులు దిద్ది రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి, జాబితా ఆయనకు పంపింది. పది రోజుల్లో జవాబు వచ్చింది. చేతిరాత ముత్యాల్లా ఉంది.

“అమ్మా, నూట నలభై నాలుగు సంచికలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరు చెప్పిన నలభై ఒక్క కథల్లో పంతొమ్మిది ఈ సంచికల్లో ఎక్కడా లేవు. జావ కథ అయితే జరిగే వీలే లేదు. ఇనుపటోపీ టోపీ తీయడు. తీయలేడు. అది మొదటి సంచిక రెండో పేజీలోనే అతని తలకు అతుక్కుపోయింది. అతని బాధంతా అదే కదా!”

ఎడిటర్ మేడమ్ ఉత్తరాన్ని టేబుల్ మీద ఆయన వైపు తిప్పి పెట్టింది.

“సార్, మీరు తీయించింది అతుక్కుపోయిన టోపీ.”

“లేదు మేడమ్, నాకు బాగా గుర్తుంది. ఆ పిల్ల దుప్పటి కూడా గుర్తుంది.”

“మనం పాఠకులకు టోపీ పెట్టామంటారు సార్. అవతలి పత్రికవాళ్లకు హెడ్డింగ్ వెతుక్కునే పని కూడా ఉండదు. సోమవారం లోపల ఏదో ఒకటి తేల్చండి. లేదంటే పుస్తకం ఆపేస్తాను. పేజీ కూడా.”

టోపీ సార్ మెట్లు దిగుతూ ఆ బొమ్మను గుర్తు తెచ్చుకోబోయాడు. పొయ్యి, టోపీ, పొగ. ఎంత గింజుకున్నా బొమ్మ రాలేదు. గొంతు మాత్రం వినిపించింది. దొంగకొక గొంతు, పిల్లకొక గొంతు, ఇనుపటోపీకి కాస్త ముక్కుతో పలికే గొంతు. మూడూ ఒక్కరివే. బస్టాపులో నిలబడ్డాక అది ఎవరిదో తెలిసింది. ఇంటికెళ్లే బస్సు వదిలేసి, అక్క పనిచేసే చోటికి వెళ్లే బస్సెక్కాడు.

వాళ్లక్క ఒక ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. చిన్న గది, గోడవారన ప్లాస్టిక్ కుర్చీలు, టోకెన్ నంబర్లు, స్పిరిట్ వాసన. ఆయన వెళ్లేసరికి అద్దాల తలుపు వెనక ఒక భారీ మీసాలాయన చెయ్యి చాపి, మొహం గోడకు తిప్పుకుని, వణికిపోతున్నాడు.

“మీలాగే ఒకాయన సూదంటే భయపడి లేచి పరిగెత్తాడండి,” అంటోంది అక్క, రబ్బరు పట్టీ బిగిస్తూ. “మూడంతస్తులు ఎక్కి ఒక గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. తిరిగి చూస్తాడు కదా, అది నర్సుల ట్రైనింగ్ క్లాసు. నలభై మంది. నలభై సూదులు.”

“అయ్యయ్యో! తర్వాత?”

“తర్వాతేముంది? మీది అయిపోయింది. ఈ దూది నొక్కి పట్టుకోండి.”

మీసాలాయన లేవలేదు. “ముందు ఆయన సంగతి తేల్చండి,” అన్నాడు.

ఆయన్ని సాగనంపి అక్క బయటికి వచ్చింది. తమ్ముణ్ని చూసి కనుబొమలు ముడేసింది. “ఏరా, షుగరా?”

“కాదక్కా. జావ.”

ఉత్తరం ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. అతుక్కుపోయిన టోపీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

“ఒరేయ్, ఆ పుస్తకాలు ఎక్కడివనుకున్నావు? కిరాణా కొట్లో పొట్లాలు కట్టగా మిగిలినవి. ఒకదానికి మొదలుండదు, ఇంకోదానికి చివరుండదు. నువ్వేమో ‘తర్వాత? తర్వాత?’ అని నా ప్రాణం తోడేసేవాడివి. అమ్మ మిల్లు నుంచి వచ్చేలోపు నీకు అన్నం పెట్టి పడుకోబెట్టాలి. పేజీ చిరిగిపోయిందంటే ఊరుకునే రకమా నువ్వు? నోటికొచ్చింది చెప్పేదాన్ని.”

“మరి జావ?”

“నీకు జ్వరం. జావ తాగనని గిన్నె తోసేశావు. నాకప్పుడు తొమ్మిదేళ్లురా. చెయ్యి కాల్చుకుని మరీ కాచాను. ఏం చేయాలో తోచలేదు. పోనీ ఆ టోపీవాడి చేత కాయిస్తే తాగుతావేమో అనుకున్నా. తాగావు.”

“టోపీ ఊడదట కదక్కా?”

“నాకేం తెలుసు? మొదటి సంచిక మన పొట్లాల్లో రాలేదు.”

బస్సులో తిరిగివస్తూ టోపీ సార్ ఆ జాబితా మళ్లీ చూసుకున్నాడు. పాఠకులు ఉత్తరాలు రాసినవి, కాలేజీల్లో చప్పట్లు కొట్టినవి, ఆయన చదివి వినిపిస్తూ కళ్లు తుడుచుకున్నవి అన్నీ ఆ పంతొమ్మిదిలోనే ఉన్నాయి. మిగిలిన ఇరవై రెండూ అసలైనవి. వాటిలో దొంగలు కర్రలు విరగ్గొట్టుకుంటారు. ఇరవై రెండింటిలోనూ!

చదువరులు ఇక్కడొక సంగతి గమనించాలి. ఇష్టాన్ని వృత్తిగా మార్చుకోవడం ఎంత సులువో! మనం ప్రేమిస్తే చాలు. పని ఇంకెవరో ముందే చేసిపెట్టి ఉంటారు.

సోమవారం ఆయన మేడమ్ ఎదుట నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పుస్తకం మీద అక్క పేరు కూడా ఉండాలన్నాడు. ముందు ఆమె పేరే ఉండాలన్నాడు. మేడమ్ చాలాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, “ఇదే నయం సార్. కల్పిత కథలని వేసేద్దాం, ఎవరూ నోరెత్తరు,” అంది. ఆయన ఊపిరి పీల్చుకునేలోపు ఒక ఫారం తీసింది. “రచయితల పరిచయం ఉంటుంది కదా, అక్కగారిది కూడా కావాలి. చిన్నప్పుడు మీకు దేని మీద పిచ్చి? అది మిమ్మల్ని రచన వైపు ఎలా నడిపించింది? మీది పేజీన్నర వచ్చింది. ఆవిడది అరపేజీ ఉన్నా చాలు.”

ఆ సాయంత్రం ల్యాబ్‌లో అక్క ఫారాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని చదివింది.

“నాకు దేని మీద పిచ్చి అంటే…” అని ఆగింది. “లోపల నలుగురున్నారు. చూసొస్తానుండు.”

నలుగురూ చేతులు మడుచుకుని ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. అక్క గ్లవుజులు తీసి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

“ఏమీ గుర్తు రావట్లేదురా. నాకంత తీరికెక్కడిది అప్పుడు? నీకేమన్నా గుర్తుందా? చిన్నప్పుడు నాకేమిష్టం?”

టోపీ సార్ నోరు తెరిచాడు. మూడు వందల వ్యాసాలు రాసిన మనిషి. చిన్నతనం గుర్తుపెట్టుకోవడమే ఆయన ఉద్యోగం. ఏ దొంగది ఏ రంగు చొక్కానో అడగండి, నిద్రలో లేపినా చెబుతాడు. అక్క కూడా గుర్తొచ్చింది. ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో పుస్తకం, మోకాలి మీద ఆయన తల. కానీ ఆ గిన్నె కింద పెట్టాక, ఆయన నిద్రపోయాక ఆమె ఏం చేసేది? ఏం చూసి నవ్వేది? ఏ పాట పాడుకునేది?

“గుర్తు లేదక్కా,” అన్నాడు.

“పోనీలేరా. గీత కొట్టి పంపెయ్.”

ఆయన గీత కొట్టలేదు. పుస్తకం వచ్చింది. కవరు మీద ముందు ఆమె పేరు, కింద ఆయన పేరు. లోపల ఆయన గురించి పేజీన్నర. ఆమె గురించి రెండు మాటలు: ‘వివరాలు సేకరిస్తున్నాం.’

ఆ రెండు మాటలూ ఆయనే రాశాడు. అవి అబద్ధం కాదు. ల్యాబ్ మూసే వేళకు వెళ్లి, కుర్చీలో కూర్చుని, నోటుబుక్కు తీసి నిజంగానే సేకరిస్తున్నాడు. వృత్తిలో ఆయన చేసిన మొదటి రీసెర్చి ఇది. నెల గడిచాక ఇప్పటికి మూడు తేలాయి.

ఒకటి, ఆమెకు ఈల వేయడం వచ్చు. ఆడపిల్ల ఈలేమిటని నాన్న కోప్పడితే మానేసింది. రెండు, రేడియోలో వాతావరణ వార్తలు చదివే ఆవిడ గొంతంటే ప్రాణం. తలుపు వెనక నిలబడి ‘అక్కడక్కడా చెదురుమదురు జల్లులు’ అని అచ్చం ఆవిడలాగే చదివేది.

మూడోది చెప్పే ముందు ఆమె అటూ ఇటూ చూసింది. “ఇది కూడా పుస్తకంలో వేస్తారా?”

“వేస్తారక్కా. మళ్లీ అచ్చు వేసేటప్పుడు.”

“అయితే రాసుకో. ఆ ఇనుపటోపీ అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట.”

ఆయన అక్షరం పోకుండా రాసుకున్నాడు. కానీ ఎడిటర్ మేడమ్ వద్దంటోంది. పాఠకుల మనసు నొచ్చుకుంటుందట!