ముఖ్య అతిథి పిస్తోలు

తిరుత్తణి తాలూకా కే.జీ.కండిగైలో ఎరువుల అంగడి నడుపుకుంటున్న సుదర్శనం అనే నాకు ప్రాణహాని ఉన్నదని ప్రభుత్వం వారు ఎనిమిదేళ్ల కిందట లిఖితపూర్వకంగా అంగీకరించారు. నన్ను చంపితే ఎవరికేమి లాభమో విచారణకు వచ్చిన అధికారికి ఎంత ఆలోచించినా తోచలేదు. నాకూ తోచలేదు. అయినా లైసెన్సు వచ్చింది. సెమీ ఆటోమేటిక్ పిస్తోలు కొన్నాను. ఒక తూటా పేలగానే రెండోది దానంతటదే వచ్చి కూర్చుంటుందని అమ్మినవాడు చెప్పాడు. పేల్చి చూడవలసిన అవసరం నాకు కనిపించలేదు. పెళ్లిళ్లలో భోజనానికి వంగినప్పుడు చొక్కా కొంచెం పైకి లేస్తే చాలు, నా ఆకులోకి రెండో వడ దానంతటదే వచ్చి కూర్చునేది.

ఇలాంటి వీరుణ్ణి సమాజం ఊరికే ఉండనివ్వదు. ఈ ఆవణి నెలలో, అంటే తమిళుల లెక్కన ఆడి తర్వాతి నెలలో, తిరువళ్లూరు దగ్గర పాండూరు దారిలో కొత్తగా పెట్టిన షూటింగ్ క్లబ్బు వారు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. రిబ్బను కత్తిరించడం పాతబడిందట. నా సొంత పిస్తోలుతో తొలి గుండు పేల్చి ప్రారంభించాలని కార్యదర్శి లోకనాథం కోరాడు. శాలువాలు కప్పించుకోవడానికి నలభై మంది పెద్దలు వచ్చారు. ఆయుధం, ఆత్మనిగ్రహం అనే విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాను. సగం తెలుగు, సగం తమిళం. పక్షపాతం లేకుండా రెండింటిలోనూ తప్పులు చేశాను.

తర్వాత గురి వైపు తిరిగి, పిస్తోలు పైభాగాన్ని వెనక్కి లాగి వదిలాను. అది సగం దూరం వచ్చి ఆగింది. తూటా ముక్కు పైకెత్తుకొని మధ్యలో ఇరుక్కుంది. ట్రిగ్గరు నొక్కాను. ఏమీ కాలేదు. అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. మా ఇంట్లో రేడియో దానికే దారికొస్తుంది. ఇది రాలేదు. ఏమైందో అడుగుదామని పిస్తోలుతో సహా సభ వైపు తిరిగాను.

నలభై మంది పెద్దలు ఒక్కసారిగా నేల మీద బోర్లా పడుకున్నారు. ఇంతమంది నాకు సాష్టాంగపడటం అదే మొదలు. అక్కడ శిక్షణ ఇచ్చే యశస్విని అనే అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది.

"అయ్యా, మళ్లా గురి పక్కకే తిరగండి. వేలు ట్రిగ్గరు మీదనుంచి తీసేయండి. సరి. ఇప్పుడు బల్ల మీద పెట్టండి" అన్నది, పసివాడికి చెప్పినట్టు.

తూటాలు పేర్చే మ్యాగజైనును ఊడదీసింది. ఇరుక్కున్న తూటాను బయటికి జార్చి, లోపల ఇంకేమీ లేదని రెండుసార్లు చూసుకుంది.

"మామూలుగా అయితే స్ప్రింగు దమ్ము పోయుంటాది, లేకుంటే అంచు వంగుంటాది. మీది అవేవీ కాదయ్యా" అంటూ సన్నటి పుల్లతో మ్యాగజైను లోపల గీకింది. పసుపుపచ్చని పెళ్ల ఒకటి రాలింది. వాసన చూసింది. "చందనం. కుంకుమ గూడా ఉండాది. ఆయుధపూజ చేస్తారా?"

"ఏటేటా" అన్నాను గర్వంగా.

"పైన బొట్టు పెడితే చాలు గదయ్యా. ఎవరో లోపలికి వేలు పెట్టి మెత్తినారు. స్ప్రింగు కదిలేదానికి చోటే లేదు."

పది నిమిషాల్లో కడిగి, తుడిచి, నూనె వేసి ఇచ్చింది. ఈసారి తూటా నున్నగా లోపలికి పోయింది. పేల్చాను. గురికి తగల్లేదు, వెనకున్న మట్టికట్టలో ఎక్కడో దిగింది. పెద్దలు లేచి దుమ్ము దులుపుకొని చప్పట్లు కొట్టారు. ఆపద వేళ ఎలా పడుకోవాలో ముఖ్య అతిథి ప్రత్యక్షంగా నేర్పించారని లోకనాథం మైకులో ప్రకటించాడు.

ఇంటికి పోయి నా భార్య మునెమ్మను అడిగాను. మా ఇంట్లో ఆయుధపూజ ఆమె శాఖ.

"లోపల మెత్తింది నువ్వేనా?"

"నేనే, పోయిన దసరా పూజప్పుడే" అన్నది చిక్కుడుకాయలు తుంచుతూ. "వచ్చిన చుట్టానికల్లా ఊడదీసి చూపిస్తావు గదా, చూసి నేర్చుకుంటి."

"ఎందుకట్లా?"

"నీకు కోపమొస్తే ముందూ ఎనకా తెల్దు. ఆడి నెల్లో కాలవ నీళ్లకోసరం వరదన్ మీదికి దాన్ని ఎత్తుకొని పోలేదా నువ్వు?"

ఈ సంగతి మీకు చెప్పలేదు. చెప్పుకోదగినది కాదనుకున్నాను. పక్క చేను వరదన్ నీళ్లు తన వైపు తిప్పుకున్నాడని, వాడి గుండెకు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కిన మాట నిజం. పేలలేదు. కంగారులో ఏదో మరిచానని అనుకున్నాను. వాడు కళ్లు మూసుకొని చేతులెత్తి నిలబడ్డాడు కాబట్టి నేను నొక్కడం చూడలేదు. కళ్లు తెరిచేసరికి పిస్తోలు దించి, "పో, బతికిపో" అన్నాను. చేతిలో ఆయుధముండీ క్షమించిన మహానుభావుడని వాడే ఊరూరా చెప్పాడు. క్లబ్బు వారు నన్ను ఎన్నుకున్నది ఆ క్షమాగుణం చూసే.

మునెమ్మ చేట పక్కన పెట్టింది. "ఇప్పుడు బాగయిందంట గదా?"

"బాగయింది" అన్నాను.

ఆమె చెయ్యి చాచింది. ఇచ్చేశాను.

మా చుట్టుపక్కల లైసెన్సున్న శాంతమూర్తులు నేను గాక ఇంకా పదకొండు మంది ఉన్నారు. అందరూ సన్మానాలు పొందినవారే. వారి ఇళ్లలో ఆయుధపూజ ఎవరు చేస్తున్నారో, శ్రద్ధగా చేస్తున్నారో లేదో, పాఠకులు విచారించి తెలియజేయవలసిందిగా ప్రార్థన.