రోగులున్న చోట పరిశోధన కుదరదు

కేన్సర్ పరిశోధనకు డబ్బివ్వడం ఎవరికైనా చేతనవుతుంది. ఖజానా తలుపు తీస్తే చాలు. ఇస్తామని పిలిచి, కూర్చోబెట్టి, టీ పోసి, ఇవ్వకుండా సాగనంపాలంటే మాత్రం మేధస్సు కావాలి. ఆ మేధస్సుకే నియమావళి అని పేరు!

నియమాలను తిట్టిపోసేవాళ్లు మన దేశంలో తక్కువేం లేరు. వాళ్లకు కృతజ్ఞత లేదు. ఒక్కసారి ఆలోచించండి. నియమాలే లేకపోతే కుర్ర డాక్టర్లంతా ఎగబడి పరిశోధనలు చేసేవారు కాదా? వాటిలో ఒకటో రెండో ఫలించేవి కూడా. జబ్బు తగ్గిపోతే కేన్సర్ నివారణ శాఖలో అంతమంది ఉద్యోగులు ఏమైపోవాలి? వాళ్లకు మాత్రం పెళ్లాం బిడ్డలుండరా?

నమ్మకం కలగకపోతే బోమెట్ డాక్టర్ చెరోనో సంగతి వినండి.

బోమెట్ చుట్టూ కొండవాలులన్నీ తేయాకు తోటలే. అక్కడి ఆసుపత్రిలో నోట్లోంచి గొట్టం దించి అన్నవాహిక లోపల ఏముందో చూడగలిగిన మనిషి చెరోనో ఒక్కతే. గురువారం గురువారం ఆ పని చేసేది. మిగతా రోజుల్లో మిగతా పనులన్నీ చేసేది. మన కెన్యాలో ఆ ప్రాంతానికి అన్నవాహిక కేన్సర్ బెడద ఎక్కువ. ముసలివాళ్లనే కాదు, ముప్పై నిండని పిల్లలనూ పట్టుకుంటుంది. ఎందుకో ఎవరికీ తేలలేదు. పొగలు కక్కే టీ తాగడం వల్లనని కొందరు, సొరబుర్రలో బొగ్గు పూసి పాలు పులియబెట్టడం వల్లనని కొందరు, ఏదో తాతల నాటి శాపమని కొందరు అంటారు.

మొదట మొక్కజొన్న పిండితో వండే ఉగాలి ముద్ద గొంతు దిగదు. టీ తాగి దింపుకుంటారు. తర్వాత చపాతీ దిగదు. నానబెట్టుకుని తింటారు. చివరికి జావ కూడా దిగనప్పుడు ఆసుపత్రికి వస్తారు. అప్పటికి డాక్టరు చేయగలిగింది చాలా తక్కువ. ఆ కాస్తా చేసి చేసి చెరోనోకు విసుగొచ్చింది. జబ్బు మన దగ్గరికి వచ్చేదాకా ఎందుకు కూర్చోవాలి, మనమే వెళ్లి వెతుకుదాం అనుకుంది.

ఆమె ఎంచుకున్న పద్ధతి కొత్తదేం కాదు, పరాయి దేశాల్లో కొందరు వాడుతున్నదే. మాత్రలాంటి గొట్టంలో చిన్న స్పాంజి, దానికో దారం. నీళ్లతో మింగితే కడుపులో మాత్ర కరిగి స్పాంజి ఉబ్బుతుంది. దారం పట్టుకుని పైకి లాగితే దారి పొడుగునా కణాలను గీరుకుని వస్తుంది. మత్తు అక్కర్లేదు, మంచం అక్కర్లేదు. తేయాకు తూకం వేసే షెడ్డులో బల్ల మీద కూర్చుని మింగొచ్చు. లోపల తేడా ఉంటే ముద్ద అడ్డంపడక ముందే తెలుస్తుంది.

అందరికంటే ముందు మింగింది టాప్లెలెయ్. ఆసుపత్రి గేటు దగ్గర పులిసిన పాలు అమ్ముకునే అవ్వ. ఆమె తమ్ములిద్దరూ ఈ జబ్బుతోనే పోయారు. స్పాంజి బయటికి వచ్చాక ఆమె మూతి తుడుచుకుని, "మేకను పలుపు తాడుతో మేపినట్టుందమ్మాయ్, కాకపోతే మేకకి కడుపైనా నిండుతుంది" అంది. మర్నాటి నుంచి పాలకు వచ్చిన ప్రతివాళ్లకూ ఆ మాటే చెప్పి, ఆసుపత్రికి ఖర్చు లేకుండా ప్రచారం చేసిపెట్టింది. అదృష్టవశాత్తూ ఆమె లోపల అంతా శుభ్రంగా ఉంది.

ఇలా పదిమందీ ఇరవైమందీ మింగితే చాలదు, వేలమంది మింగాలి. సరిగ్గా ఆ సమయంలోనే, కెరీర్ తొలి దశలో ఉన్న కేన్సర్ పరిశోధకులకు ప్రభుత్వం ఫెలోషిప్పులు ప్రకటించింది. మంత్రిగారు టీవీలో కన్నీళ్లు పెట్టుకున్నంత పని చేశారు. మన పిల్లలే మన జబ్బుకు మందు కనిపెట్టాలన్నారు. చెరోనో సంబరపడింది. పాపం, అప్పటికింకా నియమాలు చదవలేదు.

చదివితే కదా అవెంత దూరం ఆలోచించి రాశారో తెలిసేది! అభ్యర్థికి ముప్పై అయిదు దాటకూడదు. కానీ పెద్ద పరిశోధనకు నాయకత్వం వహించిన అనుభవం ఉండాలి. కొత్త కోడలై ఉండాలి, కానీ పదేళ్లు కాపురం చేసి ఉండాలన్నమాట. చేయబోయే పని ఫలిస్తుందని చూపడానికి ఆ పని ముందే చేసి ఫలితాలు జతపరచాలి. అన్నిటికంటే ముచ్చటైన నియమం మరొకటుంది. అభ్యర్థి ఎవరి మీదా ఆధారపడని స్వతంత్ర పరిశోధకురాలని ఆమె గురువుగారు ధ్రువీకరించాలి. గురువు ఒప్పుకుంటేనే స్వతంత్రం!

చెరోనో గురువు ప్రొఫెసర్ కోస్కే మంచివాడే. ఆమె స్పాంజిల నమూనాలను తన ల్యాబ్‌లో ఉచితంగా చూసిపెట్టేవాడు. ధ్రువపత్రం మాత్రం ఆమె చేతే రాయించి, మూడుసార్లు దిద్దించి, ఈమె ఎవరి మార్గదర్శకత్వమూ లేకుండా పనిచేయగలదు అన్న వాక్యం కింద మార్గదర్శకుడు అని సంతకం పెట్టాడు.

ఇంత చేసినా దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం అడుగుదామని చెరోనో నైరోబీ వెళ్లింది. ఫెలోషిప్పుల అధికారి ముటిసో ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. ఆమె చల్లారనిచ్చి తాగడం చూసి మెచ్చుకున్నాడు కూడా.

"మీ ఆసుపత్రి పరిశోధన సంస్థల జాబితాలో లేదు డాక్టర్ గారూ" అన్నాడు.

"ఎందుకు లేదండీ?"

"అక్కడ రోగులున్నారు కదా."

అతను ఎగతాళి చేయడం లేదు. ముటిసోకు ఎగతాళి చేసే అలవాటు లేదు.

"రోగులుంటే ఏమవుతుంది?"

"దృష్టి మళ్లుతుంది. మా ఫెలో సమయంలో నాలుగింట మూడొంతులు పరిశోధనకే పోవాలి. ఎదురుగా రోగి కూర్చుంటే మీరు చూడకుండా ఉండగలరా?"

"ఉండలేను."

"మరి చూశారా. మీ మంచికోసమే పెట్టారు ఆ నియమం."

ఎంత ఆలోచన! కేన్సర్ పరిశోధకులను కేన్సర్ నుంచి కాపాడాలని ఇంకెవరికి తట్టింది? రోగులున్న చోట పరిశోధన కుదరదు. చేపలు పట్టేవాడు చెరువుకు దూరంగా ఉండాలి, లేకపోతే బట్టలు తడుస్తాయి.

తర్వాత ముటిసో ఉపాయమూ చెప్పాడు. మనుషుల చేత స్పాంజి మింగించడం సేవ కిందికి వస్తుందట, విజ్ఞానం కిందికి రాదట. విజ్ఞానం ఎలుకలతో మొదలవ్వాలి. కాబట్టి మొదటి ఏడాది నైరోబీలో ఏదైనా సంస్థలో చేరి ఎలుకలకు వేడి టీ పట్టించి చూడమన్నాడు. రెండో ఏడాది బోమెట్ మనుషుల దగ్గరికి వెళ్లొచ్చు. అలా రాస్తే కమిటీ కాదనదు.

చెరోనో బోమెట్ చేరేదాకా ఆలోచించింది. ఎలుకలతో ఆమెకు పని లేదు. కానీ రెండో ఏడాది ఉంది. ఒక్క ఏడాది ఓర్చుకుంటే ప్రతి తూకం షెడ్డుకూ స్పాంజిలు వెళ్తాయి. తన బదులు ఇంకో డాక్టరును వేస్తామని ఆసుపత్రివాళ్లు మాటిచ్చారు. ఆమె నమ్మింది. నమ్మకపోతే వెళ్లడం కుదరదు కాబట్టి నమ్మింది.

ఫెలోషిప్ వచ్చింది!

నైరోబీలో ఎలుకలకు సకల మర్యాదలూ జరిగాయి. మన తోటల్లో మొదటి రకం ఆకు విదేశాలకు పోతుంది, దుమ్ము మనకు మిగులుతుంది. ఎలుకలకు మాత్రం ప్రభుత్వం మొదటి రకమే మంజూరు చేసింది. వేడి తగ్గకుండా చూడటానికి ఒక ఉద్యోగిని కూడా పెట్టారు. ఈ కబురు విన్న టాప్లెలెయ్, పాలు కూడా కలుపుతున్నారా, కావాలంటే తన దగ్గరే కొనమని చెప్పి పంపింది.

బోమెట్‌లో కొత్త డాక్టరు రాలేదు. గొట్టాన్ని గుడ్డ చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. చెరోనో వీలున్నప్పుడల్లా ఓ గురువారం వచ్చి పోయేది. కానీ నాలుగింట ఒక వంతు సమయంలో బోమెట్‌కు రాను పోను దారే సగం తినేసేది. దానికి తోడు ఫెలోలందరికీ నైరోబీ హోటల్లో తప్పనిసరి శిక్షణ పెట్టారు. కెరీర్ తొలి దశలో నాయకత్వం, కెరీర్ తొలి దశలో ఒత్తిడిని జయించడం, కెరీర్ తొలి దశలో మలి దశ గురించి ఆలోచించడం. మధ్యాహ్నం భోజనం బ్రహ్మాండంగా ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ శిక్షణ జరుగుతున్న ఒక గురువారం కిప్న్‌గెనో ఆసుపత్రికి వచ్చాడు. బస్టాండు దగ్గర మోటార్ సైకిల్ మీద మనుషులను తిప్పే కుర్రవాడు. ముప్పై ఇంకా రాలేదు. ఎసిడిటీ అనుకుని మందుల షాపు మాత్రలు మింగుతూ గడిపాడు. ఇప్పుడు చపాతీ దిగడం లేదు. డాక్టరమ్మ లేదు, పై వారం రమ్మని నర్సు చెప్పింది. పై వారం వచ్చాడు. డాక్టరమ్మ ఎలుకల బరువులు తూస్తోంది. తర్వాత కొన్నాళ్లు రాలేదు. వచ్చేసరికి నడుముకు బెల్టు బదులు తాడు కట్టుకుని ఉన్నాడు. గేటు దగ్గర టాప్లెలెయ్ అతన్ని పాలు తాగమని కూర్చోబెట్టింది. పాలు దిగలేదు.

అవ్వ పక్క కొట్టువాడి ఫోన్ లాక్కుని చెరోనోకు చేసింది.

"అమ్మాయ్, ఎలుకలు టీ తాగుతున్నాయా?"

"తాగుతున్నాయవ్వా. ఏమైంది?"

"ఇక్కడో మనిషి తాగలేకపోతున్నాడు. నువ్వు వస్తావా, ఎలుక అని చెప్పి వీణ్ణే అక్కడికి పంపించమంటావా?"

చెరోనో ఎవరినీ సెలవడగలేదు. ఎలుకలను ఉద్యోగికి అప్పజెప్పి బయల్దేరింది. మర్నాడు పొద్దున బీరువా తాళం తీయించి గొట్టం దించింది. గొట్టం సగంలోనే ఆగిపోయింది. ఆపరేషన్ చేసి తీసే దశ దాటిపోయింది.

కిప్న్‌గెనో లేచి కూర్చుని ఆమె ముఖం చూశాడు.

"డాక్టరమ్మా, నేను ఇంకా ముందే రావాల్సింది, కదా?"

అవునంటే సరిపోయేది. రోగులు ఆలస్యంగా వస్తారన్నది డాక్టర్లందరూ చెప్పే మాటే.

"నువ్వు ముందే వచ్చావు. నేనే లేను."

అతను నడుముకున్న తాడు బిగించి కట్టుకున్నాడు. తర్వాత, "ఎలుకలు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు. అవ్వ చెప్పిన కథ గుర్తొచ్చి అడిగాడంతే.

"బాగున్నాయి."

"ముద్ద దిగుతోందా వాటికి?"

"దిగుతోంది."

"అయితే మంచిదే" అన్నాడు.

చెరోనో అతని అన్నవాహికలో అడ్డంకి గుండా లోహపు వల గొట్టం ఒకటి నిలబెట్టింది. తిండి దిగడానికి దారి. కిప్న్‌గెనో మళ్లీ మెత్తగా ఉగాలి తిన్నాడు. మళ్లీ కొన్నాళ్లు మోటార్ సైకిల్ నడిపాడు. పెద్ద వానలు మొదలవుతుండగా పోయాడు.

నిజం చెప్పాలంటే ఆ ఫెలోషిప్‌కు బోమెట్‌లో అన్ని అర్హతలూ ఉన్నది ఆ జబ్బుకే. చిన్న వయసులోనే పని మొదలుపెడుతుంది. ఎవరి మీదా ఆధారపడదు. ఫలితాలు ముందే చూపిస్తుంది. సమయంలో నాలుగింట మూడొంతులు కాదు, మొత్తం సమయం పనికే ఇస్తుంది. శిక్షణకని ఎక్కడికీ పోదు. కమిటీవాళ్ల కంట ఎందుకు పడలేదో!

చెరోనో దాచలేదు. తాను పరిశోధన వదిలి రోగిని చూశానని, ఇకమీదట ప్రతి గురువారం చూస్తానని కార్యాలయానికి తెలియజేసింది. సంజాయిషీ అడిగారు. ముటిసో స్వయంగా ఫోన్ చేసి, జరిగింది అత్యవసరం అని రాసివ్వమన్నాడు. అత్యవసరానికి నియమాల్లో చోటుందట.

"ఒక్కసారికి రాసిస్తాను. ప్రతి గురువారం అత్యవసరమే అయితే ఏం రాయను?" అంది చెరోనో.

"ప్రతి వారం వచ్చేదాన్ని అత్యవసరం అనరు డాక్టర్ గారూ."

"మా ఊళ్లో అంటారండీ."

ఆమె ఫెలోషిప్ వదులుకుంది. రెండో ఏడాది కూడా దాంతోనే పోయింది. వేలమంది మాట దేవుడెరుగు. చెరోనో దానికోసం ఏడ్చింది కూడా. ఏడవలేదని చెబితే అబద్ధమవుతుంది.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కమిటీ అత్యవసరంగా సమావేశమై కొత్త నియమం చేర్చింది. ఇకమీదట అభ్యర్థి తన చుట్టుపక్కల రోగులెవరూ లేరని హామీపత్రం ఇవ్వాలి. మన దేశపు కేన్సర్ విధానంలో ఒక డాక్టరు వల్ల వచ్చిన మార్పు, మనకు తెలిసినంతలో, ఇదొక్కటే. సంతోషించాల్సిన విషయం కాదా?

చెరోనో బోమెట్‌లోనే ఉంది. ఆసుపత్రి ఒప్పుకుని ఇచ్చిన కాసిని స్పాంజిలతో తూకం షెడ్డుల చుట్టూ తిరుగుతోంది. కిప్న్‌గెనో అక్క చెలంగట్ తేయాకు కోస్తుంది. తమ్ముడు పోయాక వచ్చి, అవ్వ మింగిన దారం తనకూ ఇమ్మని అడిగింది. ఆమె స్పాంజిలో తేడా కనిపించింది. గొట్టం దించి చూస్తే చిన్న మచ్చ. కోత లేకుండా గొట్టంలోంచే చెరోనో దాన్ని తీసేసింది. మళ్లీ మళ్లీ చూసింది. ఏమీ లేదు.

దీన్ని పరిశోధన ఫలితం అనడానికి వీల్లేదని కార్యాలయం స్పష్టం చేసింది. సంస్థ గుర్తింపు లేనిది, ఎలుకల దశ దాటనిది, ఫెలో కాని మనిషి చేసినది. ఇటువంటివి లెక్కలోకి రావు.

నియమం నియమమే. మనమూ చెలంగట్‌ను లెక్కలో వేసుకోవద్దు. ఆమె మాత్రం ఎవరి అనుమతీ లేకుండా రెండు పూటలా ఉగాలి తింటోంది.