జయమణి టేబుల్ మీద ఎర్ర జెండా

మనిషి కడుపుకు పూర్తి పూచీ పడిన తొలి హోటల్ విశాఖలో, రుషికొండ రోడ్డు మీద వెలసింది. 'మీ ఎలర్జీ మా బాధ్యత' అని గుమ్మం మీద రాయించారు కూడా. అంత పెద్ద బాధ్యత ఇంతకుముందు దేవుడు తప్ప ఎవరూ నెత్తికెత్తుకోలేదు.

కంచరపాలెం జయమణికి గోధుమ పడదు. అందులోని గ్లూటెన్ రవ్వంత లోపలికి పోయినా మంచం దిగలేదు. కిందటి పెళ్లిరోజు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుంటూనే గడిచింది. ఈసారైనా అందరిలా బయట కూర్చుని, భయం లేకుండా నాలుగు ముద్దలు తినాలని ఆమె ఆశ. (ఆశకు హద్దుండాలని పెద్దలు ఊరికే అనలేదు.) మొగుడు జాన్ పాల్ ఆ బోర్డు చూసే తీసుకొచ్చాడు.

నిబంధనల ప్రకారం ముందు టేబుల్ మీద ఎర్ర జెండా పెట్టారు. పక్క టేబుల్ వాళ్ళు అంటురోగమేమోనని పిల్లల్ని తీసుకుని దూరం జరిగారు. తర్వాత ఎలర్జీ అధికారి దేవీప్రసాద్ వేంచేశాడు. (కిందటి నెల దాకా పార్కింగ్ చూసేవాడు. అక్కడా ఒకదానికొకటి తగలకుండా చూడటమే పని.)

"పరోటా చెప్పమంటారా మేడం?"

"గోధుమ పడదని సెప్పినాను గదండీ."

"గోధుమ కాదు మేడం, ప్యూర్ మైదా."

"మైదా గోధుమల్నించే కదండీ వత్తాది?"

దేవీప్రసాద్ జాలిగా నవ్వి, ఆ విషయం తమ హోటల్‌కు వర్తించదన్నాడు.

"పోనీ, దోసె?"

"తప్పకుండా. పరోటా తీశాక అదే పెనం శుభ్రంగా గుడ్డతో తుడిచి వేస్తాం."

"సాంబారులో ఇంగువుంటాదా? దాన్లో గోధుమపిండి కలుపుతారు."

"ఇంగువ వాసనకే మేడం, తినడానికి కాదు."

"ఉత్త అన్నవఁన్నా పెట్టండి బాబూ."

"అన్నం పూర్తిగా సురక్షితం. గరిటె మాత్రం నూడుల్స్‌తో ఉమ్మడి."

జాన్ పాల్ అప్పటికే బిర్యానీలో సగం దూరం వెళ్ళిపోయాడు. "ఒక్క రోజుకి ఏటవుద్దే? ప్రార్థన సేసుకుని తినీ" అన్నాడు.

జయమణికి ఏడుపొచ్చింది. మూత తీయని నీళ్ళ సీసా ఒకటి తెప్పించుకుని, అదే తాగింది.

ప్రాణాపాయం లేకుండా విందు ముగించిన తొలి ఎలర్జీ అతిథిగా యాజమాన్యం ఆమెను మైకులో అభినందించింది. సిబ్బంది చప్పట్ల మధ్య కేకు బహూకరించారు. (మైదాదే.) దాన్నీ జాన్ పాలే తిన్నాడు.

మర్నాడు జయమణి నలత లేకుండా నిద్ర లేచింది. జాన్ పాల్ మనస్ఫూర్తిగా సంతోషించాడు.

"సూసావా, నీకేటీ అవనేదు. ఇకమీద ప్రతి పెళ్లిరోజుకీ అక్కడికే ఎల్దాం."