రెండంగుళాలు దిగితే వచ్చే సుఖాలు

మీ కారును వెంటనే రెండంగుళాలు కిందికి దించండి! మైలేజీ పెరుగుతుంది, ఒంటికి వ్యాయామం దొరుకుతుంది, వీధిలో గౌరవం వస్తుంది. నేనేదో ఊరికే అనడం లేదు. నేను దించాను. దించి రెండు నెలలు బతికాను కూడా.

దించడమంటే ఏమిటని అడిగే అమాయకులు మీలో ఉండొచ్చు. కంపెనీ వాళ్ళు పెట్టిన స్ప్రింగులు పీకేసి, పొట్టివీ గట్టివీ వేయించుకోవడం. అప్పుడు కారు నేలకు దగ్గరవుతుంది. మలుపుల్లో పక్కకి ఒరగదు. దీన్ని హ్యాండ్లింగ్ అంటారు. నాకు హ్యాండ్లింగ్ ఎందుకు కావలసి వచ్చిందో చెబుతాను, నవ్వనని మాటివ్వండి.

నాది హైబ్రిడ్ కారు. కాసేపు పెట్రోలు మీద, కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది. చప్పుడు చెయ్యదు, ఎవరినీ ఏమీ అనదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని చూసి, "భలే పద్ధతైన కారండీ, మా తాతయ్యకీ ఇదే ఉంది" అంది. నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఆ మాటకి మూడు రోజులు తిండి సహించలేదు. నాలుగో రోజు కారు స్ప్రింగులు మార్చే సస్పెన్షన్ వీడియోలు చూడటం మొదలుపెట్టాను.

ఎంత చదివానని! ఉద్యోగం కోసం కూడా అంత చదవలేదు. ఉత్త స్ప్రింగులు మారిస్తే సరిపోతుందా? ఎత్తు మనమే సరిచేసుకునే కాయిలోవర్లు వెయ్యాలా? హైబ్రిడ్‌కి వెనకవైపు బ్యాటరీ బరువుంటుంది కాబట్టి వెనక స్ప్రింగు ఇంకాస్త గట్టిగా ఉండాలా, అక్కర్లేదా? ఈ ఆఖరి ప్రశ్న మీద ఇంటర్నెట్‌లో ఇద్దరు పెద్దమనుషులు ఆరేళ్ళుగా తిట్టుకుంటున్నారు. నేను పగలు ఒకాయన పక్షం, సాయంత్రం రెండో ఆయన పక్షం వహిస్తూ వచ్చాను.

చివరికి ముప్పై రెండు మెట్ల కాయిలోవర్లు ఎంచుకున్నాను. మెత్తన నుంచి గట్టి దాకా ముప్పై రెండు మెట్లు! చిన్న మర తిప్పితే చాలు, ఒక్కో మెట్టు మారుతుంది. ముప్పై రెండూ తిప్పి చూశాను. నా నడుముకి మాత్రం రెండే తెలిశాయి. గట్టి, మరీ గట్టి.

బిగించిన మెకానిక్ నెమ్మదస్తుడు. బిగించే ముందు కాగితం ఒకటి పట్టుకొచ్చి, "సార్, బండిలో మామూలుగా ఎవరెవరు కూర్చుంటారు?" అని అడిగాడు. స్ప్రింగు ఎంచడానికి అది తెలియాలట. నేను అతని వైపు జాలిగా చూశాను. రేసు డ్రైవర్ని ఎవరైనా ఇలాంటి ప్రశ్న అడుగుతారా?

"నేనొక్కణ్ణే" అన్నాను. రాసుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, హాలు మధ్యలో నిలబడి, "కారు దించేశాను!" అని ప్రకటించాను. మా ఆవిడ "అయ్యో, ఏ గుంటలో?" అంటూ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మా మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన మాతోనే ఉంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు దిగే ముసలివాళ్ళ రెండు కాళ్ళూ నేలకి ఆనేదాకా ఏనాడూ గేరు వెయ్యలేదని గొప్పగా చెప్పుకుంటారు.

"కారుని దించడమేంటి బాబూ? దించేది మనుషుల్ని కదా!" అన్నారు.

పాతకాలం డ్రైవరు, ఈయనకి హ్యాండ్లింగ్ గురించి ఏం తెలుస్తుందిలే అని ఊరుకున్నాను.

సరే, సుఖాల సంగతికొద్దాం. మొదట మైలేజీ. ఎక్కడ ఏ స్పీడ్ బ్రేకర్ తగులుతుందోనన్న భయంతో నేను పదిహేను కిలోమీటర్ల వేగం దాటడం మానేశాను. ఆ వేగంలో హైబ్రిడ్ కారు పెట్రోలు జోలికే పోదు, బ్యాటరీ మీదే పాకుతుంది. రేసు కారు సామాను బిగించుకుని తాబేలు నడక నడిస్తే పెట్రోలు ఆదా అవుతుందన్న రహస్యం ఏ ఇంజనీరుకైనా తట్టిందా? నాకు తట్టింది!

తర్వాత గౌరవం. కారు అడుగునుంచి బ్యాటరీ తాలూకు లావుపాటి నారింజరంగు కేబులు పోతుంది. అది గీరుకుంటే ఏమవుతుందో మెకానిక్ చెప్పాడు గానీ, మీరు భయపడతారని రాయడం లేదు. కాబట్టి స్పీడ్ బ్రేకర్ని తిన్నగా దాటకూడదు. ఏటవాలుగా వెళ్ళి, ఒక్కొక్క చక్రాన్నే బుజ్జగించి ఎక్కించాలి. అందుకు రోడ్డంతా నాకే కావాలి. ఎదురొచ్చేవాళ్ళు ఆగుతారు, వెనకొచ్చేవాళ్ళు ఆగుతారు. కొందరు కిందికి దిగి చూస్తారు. వీధి పిల్లలు నాకు "పీత అంకుల్" అని బిరుదిచ్చారు. నా అసలు పేరుతో పిలిచేది ఇప్పుడు బ్యాంకులోనే.

వ్యాయామం గురించి వేరే చెప్పాలా? మా వీధిలో ఏడు స్పీడ్ బ్రేకర్లున్నాయి. ఒక్కోదాని ముందు మా ఆవిడా, మా అమ్మాయీ దిగుతారు. బరువు తగ్గి కారు కాస్త లేస్తుంది. దాటాక మళ్ళీ ఎక్కుతారు. మూడోది దాటాక ఇక ఎక్కరు, కబుర్లు చెప్పుకుంటూ నడిచి వెళ్ళిపోతారు. నేను మార్కెట్‌కి చేరేసరికి కూరగాయలు కొనడం అయిపోయి, సంచులతో నా కోసం ఎదురుచూస్తుంటారు.

ఆఫీసు బేస్‌మెంట్‌లోకి వాలు దారి ఉంది. అక్కడి సెక్యూరిటీ ఆయన నా ఒక్కడి కోసం రెండు చెక్క పలకలు తెచ్చిపెట్టుకున్నాడు. రోజూ పొద్దున అవి పరిచి, "కుడికి, ఇంకా కుడికి, ఆగండాగండి!" అంటూ వెనక్కి నడుస్తూ నన్ను కిందికి తీసుకెళ్తాడు. మొన్న దగ్గరికొచ్చి మెల్లగా, "రేపు నేను సెలవు పెడుతున్నా సార్. మీరూ పెట్టేసుకోండి" అన్నాడు. ఇంత చనువుగా మాట్లాడేవాళ్ళు ఆఫీసులో నాకు ఇంకెవరున్నారు?

మరి హ్యాండ్లింగ్ మాటేమిటంటారా? అద్భుతం! ఇంటికీ ఆఫీసుకీ మధ్య తొమ్మిది కిలోమీటర్లలో రెండే మలుపులు. ఒకదాని దగ్గర సిగ్నల్ ఉంది. మిగిలిన మలుపులో, ముందు ఎవరూ లేకపోతే, కాస్త వేగం పెంచి తిప్పుతాను. కారు నేలని పట్టుకుని, గీత గీసినట్టు తిరుగుతుంది. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ నాకు పాతికేళ్ళు. నిజంగానే సంతోషంగా ఉంటుందండీ, దాచుకోవడం దేనికి?

వీటన్నిటినీ మించి, నా కారు తెలుగు భాషని సంస్కరించింది! లోకంలో అందరూ కారు ఎక్కుతారు, కారు దిగుతారు. నా కారులోకి దిగాలి, అందులోంచి ఎక్కాలి. మా ఆవిడ ఇప్పుడు తాళాలు అందిస్తూ, "మీరు దిగండి, నేను తలుపేసి దిగుతాను" అంటోంది.

ఆఖరి సుఖం మా మామగారిది. మూడున్నర నెలల కిందట ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. కారు దించిన మొదటి వారం, సీట్లోకి బాగానే దిగారు. క్లినిక్ ముందు పైకి ఎక్కలేకపోయారు. తలుపు పట్టుకున్నారు, సీటు పట్టుకున్నారు, చివరికి నా మెడ పట్టుకున్నారు. మూడో ప్రయత్నంలో ఇద్దరం ఫుట్‌పాత్ మీద చతికిలబడ్డాం. క్లినిక్ మెట్ల మీదున్న పేషెంట్లంతా కర్రలు వదిలేసి మమ్మల్ని లేపడానికొచ్చారు. ఆ తర్వాత నుంచి ఆయన "నడవమన్నాడు బాబూ డాక్టరు, నేను నడిచే వెళ్తా" అంటూ తనే బయల్దేరడం మొదలుపెట్టారు. చూశారా! నా కారు డెబ్భై మూడేళ్ళ మనిషి చేత నడక మొదలుపెట్టించింది. ఈ సంగతి ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

పోయిన బుధవారం ఆఫీసు నుంచి పెందలాడే బయల్దేరాను. నా మలుపు ఖాళీగా ఉంది. నాలుగు సెకన్లూ నిండా అనుభవించి ఇవతలికి వచ్చేసరికి, మూసి ఉన్న మందుల షాపు మెట్టు మీద ఒకాయన కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నారు. ఇంకో కారైతే పైనుంచి చూసీ చూడకుండా పోయేవాణ్ణి. నాది దించిన కారు. మెట్టు మీద కూర్చున్న మనిషి కళ్ళూ నా కళ్ళూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఆయన మా మామగారు.

"ఎక్కండి మామయ్యగారూ" అన్నాను, భాషా సంస్కరణ మర్చిపోయి.

"మీరు పదండి బాబూ. అందులోంచి లేవడం కంటే ఇంటికి నడవడమే తేలిక" అని నవ్వారు.

"డాక్టరు నడవమన్నాడన్నారుగా?"

"ఇంట్లో నడవమన్నాడు."

నాకు సిగ్గేసింది. బాగా సిగ్గేసింది. నేను ముచ్చటపడి చేయించుకున్నానని, నెలన్నర పైగా ఆ మోకాలితో ఏడు స్పీడ్ బ్రేకర్లూ నడిచి దాటి, ఇంటికొచ్చి "హాయిగా ఉంది బాబూ" అన్న మనిషి! కారు అక్కడే పక్కకి పెట్టి తాళం వేశాను. ఆయన చెయ్యి నా భుజం మీద వేయించుకుని ఇద్దరం ఇంటికి నడిచాం. పదిహేను కిలోమీటర్ల వేగానికి అలవాటు పడ్డవాణ్ణి కాబట్టి, నెమ్మదిగా నడవడం నాకేం కష్టం కాలేదు.

శనివారం మెకానిక్ దగ్గరికి వెళ్ళి, పాత స్ప్రింగులు పారేశావా అని అడిగాను. లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టి, నా కారు నంబరు రాసి పెట్టినవి పట్టుకొచ్చాడు.

"ఎందుకు దాచావయ్యా?"

"అందరూ వస్తారు సార్" అన్నాడు. తర్వాత అదే కాగితం తీశాడు. "బండిలో ఎవరెవరు కూర్చుంటారు?"

"మా మామగారు."

"మరి మీరు?"

"నేను నడుపుతాను."

అప్పుడు నేను చూసినట్టు అతను నా వైపు జాలిగా చూడలేదు. రాసుకున్నాడు.

ఇప్పుడు నా కారు మళ్ళీ తాతయ్యల కారైపోయింది. మలుపులో ఊగుతుంది. నాలుగు సెకన్లు పోయాయి. లేదని ఎందుకనాలి, కాస్త బాధగానే ఉంది. స్పీడ్ బ్రేకర్ కనబడితే చేతులు వాటంతటవే స్టీరింగుని ఏటవాలుగా తిప్పేస్తున్నాయి కాబట్టి బిరుదు మాత్రం నిలిచింది.

నిన్న క్లినిక్ ముందు కారు ఆపాను. మా మామగారు తలుపు తీసి, ఒక కాలు బయట పెట్టారు. కాసేపాగి రెండోది పెట్టారు. ఎవరి మెడా పట్టుకోకుండా లేచి నిలబడ్డారు. వెనక ఎవరో హారన్ మోగిస్తున్నారు. ఆయన రెండు కాళ్ళూ నేలకి ఆనేదాకా నేను గేరు ముట్టుకోలేదు.

కారు దించానని రెండు నెలల కిందట ఇల్లు ఎగిరిపోయేలా చాటాను. దించడం నాకు నిన్న వచ్చింది.